సైకిల్ తొక్కేవారికి తలకిందుల సలహాలు

సైకిల్ కొన్న కొత్తలో అందరూ చెప్పే మాటలు దాదాపు ఒకటే. రోజూ కాస్త దూరం పెంచాలి. మనకంటే బాగా తొక్కేవాళ్ళ వెంట పడాలి. ఎక్కుడులో దిగకూడదు. టైర్లలో గాలి గట్టిగా కొట్టించాలి. ముందు బ్రేకు జోలికి అసలు పోకూడదు. నేను చెప్పబోయేవన్నీ వీటికి ఎదురు. వినగానే తలతిక్క మాటల్లా ఉంటాయి. అయినా ప్రతిదీ నమ్మే చెబుతున్నాను. ఎంతో ఉత్సాహంగా సైకిల్ కొని, రెండు నెలలు తిరక్కుండానే దాన్ని బాల్కనీలో మూలకు చేర్చినవారిని చాలామందిని చూశాను. వాళ్ళలో ఎవరికీ కాళ్ళలో సత్తువ తక్కువ కాదు. తగని చోటికి, తగని రోజున, తగని జట్టుతో వెళ్ళారు. ఒకసారి పడ్డారు, లేదా పడబోయి భయపడ్డారు. ఆ భయాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

దూరం లెక్క మానండి

మన దగ్గర సైకిల్ తొక్కేవారి స్థాయిని కిలోమీటర్లతోనే తూస్తారు. ఇరవై తొక్కితే కొత్తవాడు, యాభై అయితే ఫరవాలేదు, వంద దాటితే మొనగాడు. 'బ్రెవే' అనే దూరప్రయాణాలు వచ్చాక ఈ లెక్కకు బలం ఇంకా పెరిగింది. వాటి నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో పూర్తిచేయాలి. నాలుగూ ఒకే సీజన్‌లో చేసినవారిని సూపర్ రాండనర్ అంటారు. రాత్రంతా నిద్ర మానుకుని తొక్కే ఆ మనుషులంటే నాకు గౌరవం. కానీ 200 కిలోమీటర్ల గడువును భాగించి చూడండి, గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా పడదు. అది ఓపికకు పరీక్ష. అదుపుకు పరీక్ష కాదు. హైవే మీద 200 పూర్తిచేసిన మనిషి మొరం పరిచిన దిగుడులో మొదటి మలుపు దగ్గరే జారిపడవచ్చు. రెండూ వేరువేరు విద్యలు.

అందుకని మొదటి మూడు నెలలు ఫోనులో కిలోమీటర్లు లెక్కపెట్టే యాప్‌ను తీసేయండి. ఇంటికొచ్చాక వేరే ప్రశ్నలు వేసుకోండి. అనుకున్న చోట ఆపగలిగానా? వెనక ఏదైనా బండి వస్తోందేమోనని భుజం మీదుగా చూసినప్పుడు సైకిల్ పక్కకు లాగిందా? ఒక చెయ్యి తీసి సైగ చేస్తే హ్యాండిల్ వణికిందా? ఈ మూడింటికీ జవాబు కుదిరేదాకా బండ్లు తిరిగే రోడ్డు మీదికి వెళ్ళాల్సిన పనే లేదు.

అందరికంటే చివర రండి

సంక్రాంతికో, బడిలో ఆటల పోటీలకో స్లో సైకిల్ పందెం పెడుతుంటారు. కాలు నేలకు ఆనకూడదు, పక్క గీత దాటకూడదు, అందరికంటే చివర వచ్చినవారు గెలిచినట్టు. సైకిల్ విద్యకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. వేగంగా పోయే సైకిల్ చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. నెమ్మదిగా పోయేదాన్ని నిలబెట్టేది మనిషే. మలుపులో, రాళ్ళ మధ్యలో, కుక్క అడ్డొచ్చినప్పుడు, ముందున్న పిల్లాడు ఉన్నట్టుండి ఆగినప్పుడు పనికొచ్చేది ఈ నెమ్మదితనమే.

సెల్లారులోనో ఖాళీ స్థలంలోనో సుద్దతో ఇరవై అడుగుల దారి గీయండి. మూరెడు వెడల్పు చాలు. ఆ దారిలో ఎంత ఆలస్యంగా అవతలికి చేరగలరో చూసుకోండి. చూపు ముందు చక్రం మీద కాకుండా దారి చివర పెట్టండి. చిన్న గేరు, వెనక బ్రేకు మీద రెండు వేళ్ళు, పెడల్ మీద కొద్దిపాటి ఒత్తిడి. పిల్లలతో కలిసి ఆడితే మరీ మంచిది, వాళ్ళే గెలుస్తారు. ఈ ఆట ఆడకుండా మట్టి బాటకు వెళ్ళే పెద్దవారిని చూస్తే నాకు బెంగగా ఉంటుంది.

పెడళ్ళు పీకి నేర్పండి

పిల్లల సైకిల్‌కు పక్కన రెండు బుల్లి చక్రాలు బిగించడం ఆనవాయితీ. బిగించకండి. ఆ చక్రాలు ఉన్నంతకాలం పిల్లలు వాలడం నేర్చుకోరు, తొక్కడమే నేర్చుకుంటారు. తొక్కడం సులువు, నిలబెట్టుకోవడమే కష్టం. 15 నంబరు స్పానరుతో రెండు పెడళ్ళూ తీసేయండి. కుడి పెడల్ మామూలుగానే విప్పుకొస్తుంది. ఎడమదాని మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పాలి. సీటును రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేంత కిందికి దించండి. కొద్దిగా వాలు ఉన్న చోట కాళ్ళతో తోసుకుంటూ జారనివ్వండి. కాళ్ళు రెండూ పైకెత్తి కాసేపు తేలిపోవడం వచ్చాక పెడళ్ళు మళ్ళీ బిగించండి.

ఇదే పద్ధతి నలభై, యాభై ఏళ్ళవారికీ పనికొస్తుంది. మన ఇళ్ళల్లో సైకిల్ నేర్చుకునే అవకాశం అందని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. అన్నదమ్ములు గంటకింతని అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక కడ్డీ సందులోంచి కాలు పెట్టి తొక్కుతుంటే, వాళ్ళు గడపలో నిలబడి చూశారు. ఇప్పుడు నేర్చుకుంటానని మీ అమ్మో అత్తో అంటే నవ్వకండి. "ఈ వయసులో పడితే ఎముకలు అతుక్కోవు" అని భయపెట్టకండి. పెడళ్ళు తీసిన సైకిల్‌తో, పాదాలు నేలకు ఆనుతుండగా మొదలుపెడితే పడే ప్రమాదం చాలా తక్కువ. చున్నీ, చీరకొంగు నడుముకు దోపుకోవాలి. గొలుసుకు కవరు ఉన్న సైకిలే ఇవ్వాలి. మొదటి వారం ఒక్క పెడల్ కూడా తొక్కకపోయినా నష్టం లేదు.

బెత్తెడు, జానెడు, మూరెడు

అమెరికా, కెనడాల్లో కొండ సైకిళ్ళ బాటలకు మంచు స్కీయింగ్ వాలుల నుంచి తెచ్చుకున్న గుర్తులు వేస్తారు. ఆకుపచ్చ వృత్తం సులువు, నీలం చదరం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం, రెండు నల్ల వజ్రాలు మరీ కష్టం. అంతర్జాతీయ మౌంటెన్ బైసిక్లింగ్ సంఘం దీనికి కొలతలు కూడా పెట్టింది. ఆకుపచ్చ బాట 36 అంగుళాలైనా వెడల్పుండాలి, సగటు వాలు 5 శాతం లోపు ఉండాలి, తప్పించుకోలేని అడ్డంకి 2 అంగుళాల ఎత్తు మించకూడదు. నీలంలో వెడల్పు 24 అంగుళాలు, వాలు 10 శాతం, అడ్డంకి 8 అంగుళాలు. నల్ల వజ్రంలో వెడల్పు 12 అంగుళాలకు, వాలు 15 శాతానికి, అడ్డంకి 15 అంగుళాలకు వస్తుంది. 5 శాతం అంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి అయిదు మీటర్లు పైకెక్కడం.

మన ఊళ్ళ దగ్గరి బాటలకు ఇలాంటి బోర్డులు సాధారణంగా ఉండవు. ఉండకపోయినా కొలత మన చేతిలోనే ఉంది. దారిలో ఉన్న రాయి, వేరు, గట్టు బెత్తెడు కంటే బాగా తక్కువైతే అది కొత్తవారి దారి. జానెడు లోపయితే కొంత అలవాటైనవారిది. మూరెడు దాకా వస్తే అది మీది కాదు, కనీసం ఈ ఏడాదికి కాదు. దారి పేరు, ఫోటో, స్నేహితుల మాట వీటిలో ఏదీ ఈ కొలతకు సాటిరాదు. ఇక్కడ ఒక తిరకాసుంది. బాట మొత్తంలో ఒక్కచోట మూరెడు గట్టు ఉన్నా కొత్తవారికి ఆ బాట మొత్తం ఆ స్థాయిదే. మిగతాదంతా సులువని చెప్పేవారి మాట వినకండి.

ఒక మెట్టు కింద ఉన్న చోటే ఎంచుకోండి

హైదరాబాద్‌నే తీసుకుందాం. కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ పక్కన పాలపిట్ట సైక్లింగ్ పార్కు ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పేరు పెట్టిన ఈ పార్కులో చెట్ల మధ్య సైకిల్ బాట, అద్దెకు సైకిళ్ళు ఉన్నాయి. కాస్త తొక్కడం వచ్చినవారు "అది పిల్లల పార్కు" అని దాన్ని దాటిపోతారు. దాటిపోకండి. మోటారు బండ్ల గోల లేని చోట మలుపులు, బ్రేకులు, గేర్లు ఎన్నిసార్లైనా సాధన చేసే అవకాశం ఈ మహానగరంలో ఎన్ని చోట్ల దొరుకుతుంది? మీరు అనుకునే స్థాయి కంటే ఒక మెట్టు కింద ఉన్న చోట విసుగు పుట్టేదాకా తొక్కండి. విసుగు పుట్టిందంటే చేతులకు పని అలవాటైందని అర్థం. అప్పుడే పై మెట్టు.

ఆ పై మెట్టు ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరు 1న ప్రారంభమైనప్పుడు దాని మొత్తం పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు. దక్షిణ కొరియాలో హైవే నడుమ సోలార్ పలకల కింద వేసిన బాటను చూసి దీన్ని తలపెట్టారు. ఇక్కడ నీడ ఉంది, రాత్రి దీపాలున్నాయి. కొత్తవారు నేరుగా ఇక్కడికే వస్తారు, కానీ ఇది కొత్తవారి చోటు కాదని నా గట్టి అభిప్రాయం. బాట చదునుగా ఉన్నంత మాత్రాన సులువైపోదు. పక్కనుంచి రేసు సైకిళ్ళు దూసుకుపోతుంటాయి. నడిచేవారు, పరిగెత్తేవారు, ఫోటోలు దిగేవారు అడ్డం వస్తారు. క్రాసింగుల దగ్గర కార్లు చూడకుండా మళ్ళుతాయి. తిన్నగా ఎడమన ఉండటం, దాటేవారికి దారివ్వడం, వెనక్కి చూసి సైగ చేయడం వచ్చినవారికి ఇది బంగారం లాంటి చోటు. రానివారు వారం మధ్యలో, తెల్లవారకముందే వెళ్ళండి. ఒక విషయం మరచిపోవద్దు: ఔటర్ అసలు రోడ్డు మీదికి సైకిల్ ఎక్కించకూడదు. అక్కడ ద్విచక్ర వాహనాలకు కూడా అనుమతి లేదు.

గండిపేట చుట్టుపక్కల రోడ్లు మూడో మెట్టు. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, దాని తర్వాత వచ్చిన హిమాయత్‌సాగర్‌ల చుట్టూ ఎత్తుపల్లాల దారులు గేర్లు మార్చడం నేర్పుతాయి. కానీ అవి బండ్ల రోడ్లు. వెనక ఎర్ర దీపం వెలగకుండా పొద్దుటి చీకట్లో ఎవరూ వెళ్ళవద్దు. హెల్మెట్ గురించి వేరే చెప్పాలా, పెట్టుకోవలసిందే.

అనంతగిరి దగ్గర పేరు మోసం చేస్తుంది. వికారాబాద్ అనంతగిరి మూసీ నది పుట్టిన చోటు. చిన్న కొండ, అడవిలో వంకర రోడ్డు, అలవాటైనవారు పట్టుదలతో ఎక్కేయగల ఎక్కుడు. అరకు దారిలోని అనంతగిరి వేరు. శృంగవరపుకోట దాటాక తూర్పు కనుమల్లోకి ఎక్కే ఆ ఘాట్ గంటల తరబడి సాగుతుంది, మలుపుల్లో లారీలు, బస్సులు ఎదురొస్తాయి. "అనంతగిరి ఎక్కాను" అన్న ఒక్క మాట నమ్మి ఒకదాని అనుభవంతో రెండోదానికి బయల్దేరకూడదు. విశాఖలో కొత్తవారికి ఉదయాన్నే మోటారు బండ్లను ఆపేసే బీచ్ రోడ్డు ముక్క ఉండనే ఉంది. సముద్రం పక్కన నేర్చుకోవడానికి అంత మంచి చోటు రాష్ట్రంలో నాకు మరొకటి తెలియదు. దాన్ని వాకింగ్ చేసేవారికే వదిలేయకండి.

మొదటిసారి సైకిల్ లేకుండా వెళ్ళండి

మట్టి బాట అయితే మొదట నడిచి చూడండి. ఆదివారం పూట అంత దూరం వెళ్ళి నడవడమేమిటని విసుక్కోవద్దు. నేల చెప్పే సంగతి సీటు మీద కూర్చుంటే వినబడదు.

దక్కనులో నేల మూడు రకాలుగా పరీక్ష పెడుతుంది. ఒకటి నల్లరాతి బండ. పొడిగా ఉంటే టైరును గట్టిగా పట్టుకుంటుంది, చూడ్డానికి భయంగా ఉన్నా నమ్మదగింది. నాచు పట్టి తడిస్తే మాత్రం దాని మీదికి పోవద్దు. రెండోది మొరం. గట్టి నేల మీద వదులుగా పరుచుకున్న ఎర్ర గులక, చూడ్డానికి చదునైన బాట. అక్కడే ఎక్కువమంది పడతారు, ఎందుకంటే చదునని నమ్మి మలుపులో బ్రేకు పట్టేస్తారు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేయాలి. మూడోది చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు కనిపించే నల్లరేగడి. ఎండలో నెర్రెలు, వానలో బంక. వాన పడ్డాక అందులోకి వెళితే చక్రానికీ ఫోర్కుకూ మధ్య మట్టి పేరుకుని సైకిల్ కదలదు. అంతేకాదు, తడి బాటలో పడిన చక్రాల చాళ్ళు ఎండాక గట్టిపడి, తర్వాత వచ్చినవారిని పడేస్తాయి. పొలం గట్టయితే రైతుకు నష్టం. వాన వెలిసిన మర్నాడు మట్టి బాటకు సెలవివ్వండి.

నడిచేటప్పుడు చెప్పుల కింద కూడా చూసుకోండి. పల్లేరు కాయలు గుచ్చుకుని ఉంటే, రేపు మీ ట్యూబులోనూ అవే దిగుతాయి. సర్కారు తుమ్మ కంప నరికి దారి పక్కన పడేసిన చోట్లా అంతే. అలాంటి బాటకు ట్యూబులో సీలెంట్ పోసుకుని, ప్యాచీలు, చేతిపంపు పట్టుకుని వెళ్ళాలి. పంక్చరు వేయడం రానివారు ఊరికి దూరమైన ఏ బాటకూ సిద్ధం కానట్టే. అటవీ శాఖ అనుమతి లేని చోట కొత్త దారి కొట్టవద్దు. ఉన్న దారిని అడ్డదిడ్డంగా వెడల్పు చేయవద్దు.

గాలి తీయండి, ముందు బ్రేకు పట్టండి

రోడ్డు పక్క షాపులో మౌంటెన్ సైకిల్ టైరుకు వేలితో నొక్కి, గట్టిగా ఉంటే సరే అనేస్తారు. రెండు అంగుళాల లావు టైరుకు మట్టి మీద మామూలు బరువు మనిషికి 30 నుంచి 35 పీఎస్ఐ చాలు. అంతకంటే బిగిస్తే ప్రతి గులకరాయి మీదా చక్రం ఎగురుతుంది, పట్టు పోతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లుపడుతుంది. మీటరున్న పంపు ఒకటి కొనుక్కోండి. ఖరీదైన సైకిల్ కంటే ముందు కొనవలసింది అదే.

ముందు బ్రేకు సంగతికొస్తే, "పట్టావంటే పల్టీ కొడతావు" అని చిన్నప్పటి నుంచి విన్నాం. సైకిల్ ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం దానిదే. వెనక బ్రేకు ఒక్కటే బిగిస్తే వెనక చక్రం ఆగిపోయి జారుతుంది, సైకిల్ మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. పల్టీ కొట్టించేది ముందు బ్రేకు కాదు, దాన్ని ఒక్కసారిగా నొక్కడం, శరీరాన్ని ముందుకు వదిలేయడం. ఖాళీ చోట ఒక గీత గీసి, పిరుదులు సీటు వెనక్కి జరిపి, చేతులు బిగించి, రెండు బ్రేకులూ మెల్లగా పెంచుతూ గీత మీద ఆగడం నేర్చుకోండి. దిగుడు బాటకు వెళ్ళేముందు సీటును నాలుగు వేళ్ళు కిందికి దించుకోండి. మలుపు మధ్యలో, మొరం మీద మాత్రం ముందు బ్రేకును పట్టవద్దు.

దిగి నడవండి, వెనక్కి తిరగండి

ఎక్కుడులో దిగినవారిని చూసి జట్టులో ఎవరో ఒకరు "అప్పుడేనా అన్నా" అంటారు. అనుకోనివ్వండి. ఊపిరి మాట్లాడలేనంతగా అందకపోతే, సైకిల్ ఒక వైపు నుంచి ఇంకో వైపు ఊగుతుంటే, దిగి తోసుకుంటూ నడవడమే సరైన పని. వెనక వచ్చే లారీకి మీరు తిన్నగా కనిపిస్తారు. పైకి చేరాక దిగుడుకు బలం మిగులుతుంది. పడటాలు ఎక్కుడులో తక్కువ, అలసిపోయి దిగేటప్పుడే ఎక్కువ. సగం దారిలో వెనక్కి తిరగడం కూడా ఇంతే గౌరవమైన పని. నీళ్ళు సగానికి తగ్గితే తిరగండి. జట్టు వేగం మీ వేగం కాదనిపిస్తే చెప్పి ఆగిపోండి. అందుకే మొదట్లో బాగా తొక్కేవారి వెంట కాకుండా, మీకంటే కొంచెం నెమ్మదిగా తొక్కే ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళమంటాను. వారికోసం ఆగుతూ ఆగుతూ మీ బ్రేకులు, మీ ఓర్పు రెండూ బాగుపడతాయి.

దూరదేశాల్లో ఉన్న మనవారికి ఒక మాట. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉంది, ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. కొండ సైకిళ్ళ విషయంలో ఆ ఊరికి ఇప్పుడు దేశమంతటా పేరుంది. స్లాటర్ పెన్, కోలర్ బాటలు ఊరిని ఆనుకునే ఉన్నాయి. కోలర్‌లో చిన్నపిల్లలు తిరిగే చుట్టుబాట నుంచి గాల్లోకి ఎగిరే దూకుళ్ళ దాకా అన్నీ ఒకేచోట దొరుకుతాయి, అందుకే దారి తప్పడం తేలిక. ముందు రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే మీద తొక్కండి. 40 మైళ్ళకు కాస్త అటూఇటూగా సాగే, నున్నగా పరిచిన బాట అది. తర్వాత ఆకుపచ్చ గుర్తులు. ఒక ఊరి నీలం ఇంకో ఊరి నీలంతో సమానం కాదు, కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ ఒక రంగు కింద నుంచే మొదలుపెట్టండి.

ఇక్కడ ఉన్నవారిని ఒక్కటి కోరుతున్నాను. పంప్ ట్రాక్ అని ఒకటుంది. వరసగా మట్టి దిబ్బలు, ఒంపు తిరిగిన మలుపులు. దిబ్బ ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిక చేసి, దిగేటప్పుడు చక్రాలను కిందికి నొక్కితే పెడల్ తొక్కకుండానే సైకిల్ ముందుకు సాగుతుంది. అయిదేళ్ళ పిల్ల నుంచి ఆరితేరినవారి దాకా ఒకే బాట మీద ఎవరి స్థాయిలో వారు నేర్చుకోవచ్చు. టెన్నిస్ కోర్టు పట్టేంత స్థలం చాలు, కావలసింది మట్టి, నీరు పోయే వాలు, అప్పుడప్పుడు పారతో చేసే మరమ్మతు. మీ కాలనీ సంఘం వచ్చే సమావేశంలో పార్కు గురించి మాట్లాడేటప్పుడు, మరో వాకింగ్ ట్రాక్‌తో పాటు పిల్లల సైకిళ్ళకు ఇలాంటి మట్టి బాట ఒకటి వేయించమని అడగండి. కాగితం మీద రాసి, పదిమంది చేత సంతకాలు పెట్టించి, మీ వార్డు కార్పొరేటర్‌కు ఇవ్వండి.